అరగదీసిన అతుకు

నా ముందు పళ్ళు రెండూ కట్టుడు పళ్ళు. ఎవరైనా అడిగితే మెట్ల మీంచి పడ్డానని చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పను. మా అన్నయ్య గుద్దితే ఊడిపోయాయి. ఆ మాట వినగానే అడిగినవాళ్ళు నోరు వెళ్ళబెడతారు. వెళ్ళబెట్టనీ, నాకేం. ఆ మనిషి గురించి చెప్పాలంటే ఆ గుద్దు సంగతి దాచి చెప్పడం నా వల్ల కాదు.

అన్నయ్య గేట్లు చేసేవాడు. ఇళ్ళ గేట్లు, కిటికీ గ్రిల్లులు, మేడమెట్లకి రెయిలింగులు. వీధిలో అందరూ కొలిమి అని పిలిచేవాళ్ళు, వెనకాలే లెండి, ఎదురుగా పిలిచే మగాడు మా వీధిలో పుట్టలేదు. ఆయన షెడ్డు పక్క గది నాది. నేను బట్టలు కుడతాను. రెండింటికీ మధ్య ఒక్క రేకు గోడ. అటు గ్రైండర్ కీచుమంటే ఇటు నా మిషన్ మీద దారపు రీళ్ళు దొర్లి కిందపడేవి.

ముక్కు మీద కోపం మా నాన్న ఇచ్చిన ఆస్తి. నాన్న చీటికీ మాటికీ బెల్టు తీసేవాడు. పదమూడో ఏట అన్నయ్య ఆ బెల్టు లాక్కుని నాన్ననే చావబాదాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో కొట్టే మనిషి మారాడు, అంతే, కొట్టడం మాత్రం ఆగలేదు. నేనూ తిన్నాను. తిరిగి ఇచ్చాను కూడా. ఒకసారి ఇస్త్రీపెట్టె విసిరితే దాని మూల తగిలి ఆయన భుజం మీద పడిన మచ్చ ఇప్పటికీ ఉంది. వదిన మీద మాత్రం ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. పెళ్ళైన మొదటి వారంలో ఒకసారి చెయ్యెత్తితే, ఆవిడ పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళ గిన్నె ఎత్తింది. మళ్ళీ ఆ ముచ్చట రాలేదు.

అంత మొరటు మనిషి చేసిన గేటు చూస్తే మాత్రం కళ్ళు తిప్పుకోలేం. వెల్డింగ్ చేశాక అతుకు మీద ఇనుము ముద్దకట్టి ఉబ్బుగా తేలుతుంది కదా, దాన్ని గ్రైండర్‌తో రుద్ది రుద్ది, గొట్టంతో సమానం చేసి, ఆపైన రంగు వేసేవాడు. "అతుకు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి చెప్పు చూద్దాం" అని కొనేవాళ్ళతో పందెం కాసేవాడు. ఒకాయన పాపం నిజంగానే "ఇక్కడ గరుకు తగులుతోందండీ" అన్నాడు. అంతే. అన్నయ్య తయారైన గేటుని ఆయన కళ్ళ ముందే రెండు ముక్కలుగా కోసి వీధిలోకి గిరాటేశాడు. ఒక ముక్క ఆయన కాలి మీద పడింది. కుంటుకుంటూ పోయాడు.

నలభై ఆరో ఏట ఈ మనిషికి విమానం పిచ్చి పట్టింది. ఊరి చివర చిన్న విమానాల మైదానం ఒకటుంది. అక్కడి షెడ్డుకి గేటు బిగించడానికి వెళ్ళి, లోపల ఒక్క మనిషి కూర్చునే బుల్లి విమానం విప్పి పెట్టి ఉంటే చూశాడట. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"అంతా గొట్టాలేనే! గొట్టాలు, చెక్క, గుడ్డ. గొట్టాలు నేనతుకుతా, గుడ్డ నువ్వు కుడతావు. ఇంకేం కావాలి?"

"బుర్ర కావాలి" అన్నాను.

చేతిలో ఉన్న గ్లాసు నా చెవి పక్కనుంచి వెళ్ళి గోడకి తగిలి పగిలింది. అలా మొదలైంది విమానం.

ఆ మైదానంలో నలభై ఏళ్ళు విమానాలు బాగుచేసి రిటైరైన ముసలాయన ఒకడు ఉండేవాడు. అందరూ మాస్టారు అనేవాళ్ళు. గీతల కాగితాలు ఆయనే తెచ్చిచ్చాడు. ఏ గొట్టం ఎక్కడ, ఎంత పొడుగు, ఎంత వంపు, అన్నీ ఓపిగ్గా చెప్పాడు. ఆ గొట్టాలు గేటు గొట్టాల్లాంటివి కావు, వాటి రేకు గోరంత మందం కూడా ఉండదు. మూడు నెలలు గురువూ శిష్యుడూ బాగానే ఉన్నారు. ఒక రోజు మాస్టారు తోక దగ్గర టేపు పెట్టి, "రెండు వేళ్ళు తేడా ఉందయ్యా, మళ్ళీ కొయ్యాలి" అన్నాడు. అన్నయ్య ఆయన కాలర్ పట్టుకుని ఈడ్చుకెళ్ళి వీధి కాలవలో పడేశాడు. వెనకాలే ఆయన సైకిల్ కూడా పడింది. మర్నాడు పొద్దున్నే తోక కోసి మళ్ళీ సరిగ్గా అతికాడు, అది వేరే సంగతి. తప్పు దిద్దుకునేవాడు, ఒప్పుకునేవాడు కాదు. మాస్టారు రెండేళ్ళు మా వీధి ఛాయలకి రాలేదు. అప్పటిదాకా గొట్టాల్ని ఊరికే అంటించి ఉంచారు, అసలు అతుకులన్నీ ఆ రెండేళ్ళలోనే పడ్డాయి.

ఆ రెండేళ్ళూ నేను రెక్కలకి గుడ్డ కుట్టాను. చెక్క పలకల మీద గుడ్డ బిగించి, ప్రతి రెండంగుళాలకీ ఒక ముడి వేస్తూ పోవాలి. ఒక వరసలో ముడులు ఎడం అయ్యాయని, పదిహేను రోజుల పనిని చాకుతో బర్రున చీరేశాడు. నేను కత్తెర ఆయన చేతిలో దింపాను. ఇద్దరం కట్లు కట్టించుకుని వచ్చి మళ్ళీ పనిలో కూర్చున్నాం. ఇంజిన్ పరీక్ష రోజున విమానం ముక్కుకి బిగించిన చెక్క ఫ్యాను పగిలి, మూరెడు ముక్క రేకు గోడని చీల్చుకుని నా గదిలోకొచ్చి కుట్టు మిషన్ బల్లలో దిగబడింది. నేను అప్పుడే మంచినీళ్ళకని లేచాను. పై ప్రాణాలు పైనే పోయాయి. అన్నయ్య చీలికలోంచి తొంగిచూసి, "బతికే ఉన్నావా? అయితే ఆ ముక్క ఇటివ్వు, ఎక్కడ పగిలిందో చూడాలి" అన్నాడు.

నవ్వుతున్నారు కదూ. నేనూ ఇప్పుడు నవ్వుతాను. అప్పుడు మాత్రం నాకు నిద్ర ఉండేది కాదు. అది ఒక్క మనిషి కూర్చునే విమానం. పైకెళ్ళాక ఏదైనా ఊడితే ఆ ఒక్కడూ పోతాడు. ఆయనంటే నాకు ఒళ్ళుమంట. ఆయన తప్ప నాకు వేరే ఎవరున్నారు? నాకు పెళ్ళి లేదు, అమ్మానాన్నలు ఏనాడో పోయారు. ఆ మనిషి చస్తే ఈ రేకు గోడకి అటు చప్పుడు ఉండదు.

ఎగిరే ముందు విమానాన్ని తిరగేసి, రెక్కల మీద ఇసుక బస్తాలు పేర్చి, బరువు ఆగుతుందో లేదో చూడాలని మాస్టారి కాగితాల్లో రాసి ఉంది. అన్నయ్య ఆ పని చెయ్యనన్నాడు. "నా అతుకుని ఇసుక పరీక్ష చేస్తుందా?" అని ఒకటే మాట. మైదానంలో రెండు సీట్ల విమానంలో ఎవరి పక్కనో కూర్చుని నడపడం నేర్చేసుకున్నానని, ఆదివారం పొద్దున ఎగురుతానని వీధంతా చాటాడు.

శుక్రవారం ఆయన పెట్రోలు డబ్బాలు తేవడానికి వెళ్ళిన సమయం చూసి, నేను మాస్టారి ఇంటికి పరిగెత్తి కాళ్ళ మీద పడ్డాను. పాపం ముసలాయన, కాలవ సంగతి మర్చిపోలేదు, అయినా వచ్చాడు. కింద పడుకుని విమానం పొట్ట కిందకి పాక్కుంటూ వెళ్ళాడు. రెక్కకి దన్నుగా ఉండే కడ్డీ వచ్చి విమానం ఒంటికి అతికే చోట వేళ్ళు పెట్టి తడిమాడు. మళ్ళీ తడిమాడు.

"అమ్మాయ్, ఇక్కడ ముద్ద ఏదీ?"

"ఏ ముద్ద?"

"అతుకు మీద ఇనుము తేలాలి కదా. అదేది?"

"అరగదీశాడుగా మాస్టారూ. అన్నయ్య అన్నిటికీ అలాగే నున్నగా చేస్తాడు."

ఆయన బయటికొచ్చి నేల మీదే కూర్చుండిపోయాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఆ ముద్దేనమ్మా బలం. గాల్లో రెక్కలు పైకి లాగుతుంటే మీ అన్న బరువంతా ఈ అతుకులకే వేలాడుతుంది. దాన్ని అరగదీస్తే మిగిలేది కాగితం. విమానాలు చేసేవాడెవడూ దీన్ని ముట్టుకోడు. అందుకే చెప్పాలని నాకు తోచలేదు" అన్నాడు. మా వాడు గేట్లవాడు. ముద్ద కనపడితే ఆయనకి పరువు తక్కువ. అడగాలని ఆయనకీ తోచలేదు.

అప్పుడే అన్నయ్య వచ్చాడు. మాస్టార్ని చూడగానే డబ్బాలు కింద పడేశాడు.

"వీడెందుకొచ్చాడు?"

మాస్టారు మొత్తం చెప్పాడు. అన్నయ్య పళ్ళు కొరుకుతూ విన్నాడు.

"ముప్పై ఏళ్ళు! ఒక్క గేటు, ఒక్క గేటు విరిగిందా నాది?"

"గేటు ఎగరదు నాయనా" అన్నాడు మాస్టారు.

ఒక్క తోపుకి ముసలాయన వెళ్ళి గొట్టాల దొంతర మీద పడ్డాడు, నుదురు చిట్లింది. అన్నయ్య తలుపులు బార్లా తీసి, "ఆదివారం కాదు, ఇవాళే ఎగురుతా. మైదానం దాకా తోసుకెళ్ళి ఇప్పుడే ఎగురుతా. మీ ఇద్దరూ కళ్ళారా చూడండి!" అని విమానాన్ని తోయడం మొదలుపెట్టాడు. చక్రాలు కదిలాయి. ఆ మనిషి అన్నాడంటే చేస్తాడు. నేను చెప్పినా చెవిన పెట్టే రకం కాదు.

మూలనున్న పెద్ద సుత్తి ఎత్తాను. బస్తా కంటే బరువుగా ఉంది. కడ్డీ అతుకు మీద బలమంతా పెట్టి ఒక్కటి వేశాను. గొట్టం సొట్టపోయింది, విరగలేదు.

గుద్దు ఎటునుంచి వచ్చిందో చూడలేదు. నోట్లో ఏదో పగిలినట్టు చప్పుడు విన్నాను, ఆపైన నేల కనపడింది. దుమ్ములో రెండు పళ్ళు. ఎవరివా అని ఒక్క క్షణం అనుమానం కూడా వచ్చింది.

"చంపేస్తానే! రెండేళ్ళే ఇది, రెండేళ్ళు!"

"చంపు" అన్నాను నెత్తురు ఉమ్మేస్తూ. "నువ్వు చావడం చూసేకంటే అదే నయం."

లేచాను. ఆయన మళ్ళీ చెయ్యెత్తాడు. ఈలోపే రెండోది వేశాను.

ఈసారి అతుకు టప్‌మని తెగింది. కడ్డీ ఊడి కింద పడింది, దన్ను పోయిన రెక్క వాలిపోయి నేలకి కొట్టుకుంది. 

అన్నయ్య ఎత్తిన చెయ్యి దించాడు. మోకాళ్ళ మీద కూర్చుని తెగిన చోట వేలు పెట్టాడు. ఇనుములోకి ఇనుము కరిగి కలిసిన జాడ సన్నటి గీతంత ఉంది, మిగతాదంతా నున్నటి వట్టి అంచు. బట్టలు కుట్టుకునే ఆడది, రెండు దెబ్బలకి తెంచేసింది. ఆయన నా వైపు చూశాడు, నా నోటి వైపు చూశాడు. తర్వాత సుత్తి నా చేతిలోంచి తీసుకున్నాడు.

మాస్టారు పని అయిపోయిందనుకున్నాను. కాదు. విమానం చుట్టూ తిరుగుతూ ఒక్కో అతుకు మీదా వేశాడు. వేస్తూ ఏడ్చాడు. నా గుడ్డ చిరిగింది, చెక్క పుల్లలైంది. పద్నాలుగు అతుకులు ఒక్కొక్క దెబ్బకే తెగాయి. తెగినప్పుడల్లా వాటిని లెక్కపెడుతూ ఎవరినో బూతులు తిట్టాడు. ఎవరినా అని చూస్తే, తననే.

ఆసుపత్రికి ఆయనే మోసుకెళ్ళాడు, నన్నొక చేత్తో, మాస్టార్ని ఒక చేత్తో పట్టుకుని. క్షమించమని ఒక్క మాట లేదు. వదిన జరిగింది విని ఆయన పరుపూ బట్టలూ వీధిలోకి విసిరేసింది. నాలుగు నెలలు షెడ్డులోనే పడుకున్నాడు.

మళ్ళీ మొదలుపెట్టాడు. మూడేళ్ళు పట్టింది. రోజూ పొద్దున్నే రెండు గొట్టం ముక్కలు అతికి, బల్ల మీది వైసు దవడల మధ్య బిగించి, రేకు గోడ మీద కొట్టి నన్ను పిలిచేవాడు.

"రా. విరగ్గొట్టు."

నేను సుత్తితో బాదేదాన్ని. అతుకు దగ్గర తెగితే ఆ రోజు విమానం మీద పని లేదు. గొట్టం వంగి అతుకు నిలబడితే అప్పుడు మొదలెట్టేవాడు. నేను కొట్టే రోజున నాకు కోపం ఎక్కువుంటే ఆయనకి సంతోషం. "ఇవాళ గట్టిగా వేశావే" అనేవాడు. గ్రైండర్‌ని సంచిలో కట్టి అటక మీద పెట్టేశాడు. ముద్దలు ముద్దలుగా, చేప పొలుసుల్లా తేలిన అతుకులు. చూడ్డానికి అసహ్యంగా ఉండేవి. మాస్టారు వాటిని తడిమి "అబ్బ, అందం" అనేవాడు. ఈసారి ఇసుక బస్తాలు పేర్చాం. రెక్కలు మూలిగాయి, ఆగాయి.

ఎగిరే రోజు పొద్దున ఆయన నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఏదో చెబుతాడనుకున్నాను. "నీ పళ్ళు..." అని మొదలెట్టాడు.

"ముందు దిగిరా" అన్నాను.

పదకొండు నిమిషాలు ఉన్నాడు గాల్లో. విమానం ఒక పక్కకి వంగినప్పుడల్లా మాస్టారు నా చెయ్యి పట్టుకున్నాడో, నేను ఆయన చెయ్యి పట్టుకున్నానో, ఆ సాయంత్రానికి ఆయన వేళ్ళు వాచిపోయాయి. చక్రాలు నేలని తాకాయి, ఎగిరి మళ్ళీ తాకాయి, విమానం గడ్డిలోకి పోయి ఆగింది.

అందరికంటే ముందు నేనే పరిగెత్తాను. అన్నయ్య కిందకి దిగాడు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. నన్ను చూసి నవ్వబోయాడు. చాచి చెంప మీద ఒక్కటిచ్చాను. మైదానమంతా వినపడింది. వదిన "అమ్మో" అని కెవ్వుమంది. ఆయన చెయ్యి లేస్తుందని అలవాటుకొద్దీ నేను వెనక్కి తగ్గాను.

లేవలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఆ చెయ్యి లేవలేదు. వంగి రెండో చెంప నా ముందు పెట్టాడు.

"ఇంజిన్ హోరు ఇంకా చెవుల్లోనే ఉందే, సరిగ్గా తెలీలేదు" అన్నాడు. "రెండు పళ్ళు కదా. ఇంకోటి వెయ్యి."

నేను వెయ్యలేదు. చేతకాలేదు. ఆయన చొక్కా పట్టుకుని భోరున ఏడ్చాను.