ట్యాబులకు ఆయుధపూజ

ట్యాబులకు పసుపు కుంకుమలు పెట్టి హారతి పట్టిన మా హెడ్మాస్టరును తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

నేను ఆ బడిలో లెక్కల టీచరును. పిల్లలు ఆడుకుంటూ నేర్చుకోవాలని పైనుంచి ఐదు ట్యాబులు పంపారు. అందులో రొట్టెల అంగడి ఆట ఒకటుంది. వచ్చినవాళ్లు అడిగినట్టు రొట్టెను సగమో, పావో, ముప్పావో కోసివ్వాలి. ఏడో తరగతిలో గొర్రెలు మేపేవాళ్ల పాప ఒకతె ఉండేది. భిన్నాలంటే చాలు, ఏడుపు మొహం పెట్టేది. "ఈ ఏడు లెక్కల్లో తప్పితే బడి మాన్పిచ్చి గొర్లెంబడి పంపిస్తా" అని వాళ్ల నాయన ముందే తేల్చేశాడు. అలాంటి పిల్ల ఆ ఆట పట్టుకున్నాక నల్లబల్ల మీది లెక్క కూడా చకచకా చేసేసింది. "రొట్టె అనుకుంటే వచ్చేస్తాండాది మేడం" అంది. నాకెంత సంతోషమైందో!

దసరా సెలవులకు ముందు హెడ్మాస్టరు సారుకు భక్తి ముంచుకొచ్చింది. మగ్గాలకూ ట్రాక్టర్లకూ చేసినట్టే బడి సామాన్లకూ ఆయుధపూజ చేయాలన్నాడు. గంట, బోరు స్టార్టరు, వాటి పక్కన ట్యాబులు పేర్చాడు. వాటి మీద నీళ్లు పడకూడదు సారూ అని మొత్తుకున్నాను. "మీకు దేవుడంటే భయముండాదా మేడం?" అంటూ చెంబులో పసుపునీళ్లు మామిడాకుతో చల్లాడు. తడిసినవి తడిసినట్టే బీరువాలో పెట్టి తాళం వేశాడు.

సెలవులయ్యాక ఒక్కటీ వెలగలేదు. బుద్ధున్నవాడైతే నోరు మూసుకునేవాడు. ఈయన ఆ పాపను ముందర నిలబెట్టి వాళ్ల నాయనను పిలిపించాడు.

"ఏమప్పా, నీ కూతురు ఆడీ ఆడీ అన్నీ చెడగొట్టినాది."

నాకు కోపం నషాళానికంటింది. ఒక ట్యాబు తీసి, చార్జరు పెట్టే బొక్కలో పిన్నీసు పెట్టి పసుపు ముద్ద గీకి చూపించాను. "చూడప్పా, పూజలో పసుపునీళ్లు చల్లింది సారు. పాప కాదు."

పాప నాయన ట్యాబుకున్న కుంకుమ తాకి కండ్లకద్దుకున్నాడు. "దేవుని పసుపుతో చెడిపోతాయామ్మా ఏవన్నా? మా పాపే మురికి చేతుల్తో ముట్టింటాది."

సారు అవునన్నట్టు తలూపాడు. థూ, ఏం మనిషి!

వాళ్ల నాయన పాప చేయి పట్టుకుని బయల్దేరాడు. గేటు దాకా వెంటబడ్డాను. "పాపకు లెక్కలొచ్చినాయప్పా, పరీక్ష రాయనీ" అని బతిమాలాను.

"సారుతో మాట పడినాక ఇంగేం సదువమ్మా" అని ఆయన ఆగకుండా నడిచాడు.

పాప మాత్రం వెనక్కి తిరిగింది. "రోజూ చేతులు కడుక్కునే ముట్టినా మేడం" అంది ఏడుస్తూ.