అమ్మ కట్టిన వలదారం దండ

పంటి నొప్పని మొన్న సీతమ్మధార వెళ్లి డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉండగా, ఎదురు గోడకు ఒక గుండ్రటి దండ కనబడింది. పాత వలదారంతో చుట్టి, నడుమ గవ్వలు, చీరపేలికల పువ్వులు కుట్టారు. పక్కనున్న అమ్మాయి ఎంత బావుందోనని ఫోటో తీసుకుంటుంటే నేనూ తలూపాను గాని, సిగ్గుతో చెవులు వేడెక్కాయి. డెబ్బయి దాటినవాడికి గోడమీది అలంకారం చూసి సిగ్గేమిటంటారా? నా ఈడువాళ్లు మీరు, మీకు కాక ఇంకెవరికి చెప్పుకోను.

మాది సముద్రం మీద బతికిన ఇల్లు. ఇక అతుకు వేయడానికీ పనికిరాదని నాన్న పక్కన పడేసిన వలను అమ్మ ఓపిగ్గా విప్పి, దారం ఉండ చుట్టుకుని, కొబ్బరి ఈనెల కట్టను గుండ్రంగా వంచి, దాని చుట్టూ ఆ దారాన్ని బిగించేది. ఒడ్డున ఏరిన గవ్వలకు మేకుతో చిల్లులు పెట్టి కుట్టేది. పైసా ఖర్చు లేని అందం అది. ఎన్నిసార్లు నీళ్లలో నానబెట్టినా దారానికి చేపల వాసన పూర్తిగా పోయేది కాదు. చిన్నప్పుడు నాకది మా ఇంటి వాసన, బడికి వెళ్లాకే దాన్ని కంపు అంటారని తెలిసింది.

చదువు అబ్బి, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం వచ్చి, కూర్మన్నపాలెంలో ఇల్లు తీసుకున్నాం. పాలు పొంగించిన రోజు పొద్దున్నే అమ్మ వచ్చి, మామిడాకుల తోరణం కింద తను కట్టిన దండ వేలాడదీసింది. తీసెయ్యమనడానికి నోరు రాలేదు, ఉండనివ్వడానికి మనసూ రాలేదు. ఎందుకంటే మాది ఆనందపురం వైపు పొలాలున్న కుటుంబమని ఆఫీసులో అప్పటికే కోతలు కోసి ఉన్నాను. సాయంత్రం మా పై అధికారి భార్యతో సహా వచ్చారు. ఆవిడ గుమ్మంలోనే ఆగి, దండను చేత్తో తడిమి మురిసిపోయి, ఎవరు చేశారని అడిగింది. మా అమ్మ అంటే సరిపోయేది. మా పనిమనిషి అన్నాను.

అమ్మ టీ కప్పుల పళ్లెంతో వంటింటి గుమ్మంలోనే ఉంది. ఆవిడ అటు తిరిగి, నువ్వేనా చేసిందని అడిగింది. అమ్మ నా ముఖం వంక చూడలేదు.

"నానేనమ్మా. బాబుగోరింట్లో అంట్లు తోమతాను. మీకూ ఒకటి కట్టి తెత్తాను" అంది.

వాళ్లు వెళ్లేదాకా పెరటి మెట్టు మీదే కూర్చుంది. తరువాత, నా భార్య ఎంత వద్దన్నా వినకుండా ఆ కప్పులన్నీ తనే తోమింది. నేను వీధిలోకి వెళ్లి నిలబడ్డాను.

అన్న మాట ప్రకారం ఆవిడకూ ఒక దండ కట్టి తెచ్చింది. ఆ దంపతులు ఎప్పుడొచ్చినా అమ్మ చీరకొంగు బొడ్డున దోపుకుని పనిమనిషి అయిపోయేది. ఒకసారి చెప్పేస్తే పోతుందనుకుంటూనే ఏళ్లు గడిపేశాను. అమ్మా నన్నొక్క మాట అనలేదు, అన్నం తిన్నావా అని తప్ప.

అమ్మ పోయాక పెద్దకర్మకు వాళ్లూ వచ్చారు. పూలదండ వేసిన ఫోటో ముందు ఆవిడ నిలబడిపోయింది. ఎవరని నా భార్యను మెల్లగా అడిగింది. మా అత్తగారని నా భార్య చెప్పింది. ఆవిడ ఫోటోకు రెండు చేతులూ జోడించి, నాతో చెప్పకుండానే వెళ్లిపోయింది. పది మందిలో నన్ను తిట్టిపోసినా బాగుండేది.

ఇప్పటి పిల్లలు తల్లి చేతిపనిని ఫోన్లలో పెట్టి, మా అమ్మ చేసిందని ఊరంతా చాటుకుంటున్నారు. ఒడ్డు పిల్లలు కూడా తమ ఇల్లు ఎక్కడో తలెత్తి చెబుతున్నారు. చూసి సంతోషిస్తాను, ఆ వెంటనే తల దించుకుంటాను. మా కాలం అలాంటిదని సర్దిచెప్పుకోబోతాను గాని, ఆ సాయంత్రం నా గొంతు మీద ఎవరూ కత్తి పెట్టలేదు. అమ్మను పనిమనిషి అన్నది నేను. నా పరువు పోకూడదని అవునన్నది అమ్మ.