గోతిక్ కుర్చీ

స్టీలు గ్లాసులో నీళ్ళు పోస్తున్న చప్పుడు వింటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది. సుగుణ మేడం గుర్తొస్తారు.

మేడ్చల్ బస్ డిపో ఎదుట, మేడ మీద గదిలో, జర్మనీకి ఉద్యోగాలకు వెళ్ళాలనుకునే మాలాంటి నర్సులకు ఆవిడ జర్మన్ నేర్పేవారు. శామీర్‌పేటలో భూములున్న కుటుంబం. ఇంట్లో కూర్చుని తినొచ్చు, కానీ ఆవిడకు భాషల పిచ్చి. హాజరు కూడా మా పేర్లతో పిలిచేవారు కాదు. జర్మన్‌కు చుట్టాలైన భాషలు తలా ఒకటి పంచారు. పిలవగానే అది ఎక్కడ మాట్లాడతారో, అందులో నీళ్ళను ఏమంటారో చెప్పాలి. స్వీడన్, వాటెన్. ఐస్‌లాండ్, వాట్న్. దక్షిణాఫ్రికాలో ఆఫ్రికాన్స్, వాటర్. "సూడుండ్రి, ఎంత దూరం పోయినా ఒక్కింటి అక్కచెల్లెండ్లే" అని మురిసిపోయేవారు.

చివర్లో "గోతిక్" అని పిలిచేవారు. వెనక ఖాళీ కుర్చీ, దాని ముందు గ్లాసుతో నీళ్ళు. ఎవరూ పలికేవారు కాదు. ఆవిడే మెల్లగా "వటో" అనేవారు.

"గీ భాష సచ్చిపోయిన పెద్దక్క. పెత్రమాస నాడు పోయినోళ్ళను పేరు వెట్టి పిలుస్తలేమా? గిదీ గంతే."

నాకు నోరు పెగిలేది కాదు. కోస్తా నుంచి వచ్చిన కొత్తలో బడిలో నా యాసకు అందరూ నవ్వారు. అప్పటి నుంచి నలుగురిలో మాట్లాడాలంటే వణుకు. మాట్లాడే పరీక్ష తప్పితే ఉద్యోగం లేదు. ఒక మధ్యాహ్నం మేడం నన్ను ఒక్కదాన్నే ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

"భయంగా ఉందండీ."

"గీ భాష మాట్లాడేటోళ్ళు లోకంల ఎవ్వరు లేరు బిడ్డా. తప్పు పలికితే నవ్వేటోళ్ళు లేరు. అను."

"వటో" అన్నాను. నా భుజం పక్కనే ఇంకో గొంతు, చాలా ముసలిది, నాతో పాటే అంది.

"మీరన్నారా మేడం?"

"నేననలే" అన్నారావిడ, గ్లాసు వైపు చూస్తూ. "ఇగ నీకు భయం లేదు తియ్."

నిజంగానే పాసయ్యాను. నేను ప్రయాణమయ్యేలోపే మేడం పోయారు. మిగిలిన పిల్లల పరీక్షలు దగ్గరపడ్డాయి, చెప్పేవాళ్ళు లేరు. పాఠం చెప్పడానికి నేనే వెళ్ళాను. హాజరు పిలుస్తూ గోతిక్ దాకా పోకుండా ఆపేద్దామనుకున్నాను, కానీ నోరు ఊరుకోలేదు.

"గోతిక్."

వెనక ఖాళీ కుర్చీ వైపు నుంచి రెండు గొంతులు "వటో" అన్నాయి. ఒకటి ఆ ముసలి గొంతు. రెండోది నాకు బాగా తెలుసు. పిల్లలంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగారు.

నాకు భయం వేసింది. అయినా నోరు మూతపడలేదు. "కూర్చోండి మేడం" అన్నాను.

జర్మనీ వెళ్ళలేదు, ఆ గదిలోనే పాఠాలు చెబుతున్నాను. ఆ కుర్చీ ముందు రోజూ రెండు గ్లాసుల్లో నీళ్ళు పోస్తున్నాను.