భుజం కొలత చెప్పనిదే మాట్లాడని పెద్దమ్మ

టైలర్ పెద్దమ్మకు ఫోనులో వినిపించే ఏ గొంతు మీదా నమ్మకం లేదు. అవతల ఎవరున్నా సరే, తన పుస్తకంలో రాసుకున్న భుజం కొలత సరిగ్గా చెబితేనే మాట ముందుకు సాగుతుంది. షాపులో కాజాలు కుట్టే చెల్లెలి కూతురికి ఈ వరసతో తల కొట్టేసినట్టుండేది.

ఒకసారి పెదనాన్న ఇంటి తాళంచెవి మరిచిపోయి ఫోన్ చేశాడు.

"ఎవరు మీరు?"

"నీ మొగుణ్ణే!"

"భుజం?"

"పద్దెనిమిది."

"ఏ వైపు వాలి ఉంటుంది?"

"ఎడమ వైపు. ముప్పై ఏళ్లు నీతో కాపురం చేస్తే వాలదూ?"

"ఆ, మీరే. వచ్చి పట్టుకెళ్లండి."

ఇంకోసారి ఏదో సంతకం కోసం బ్యాంకు మేనేజరు ఫోన్ చేశాడు. "నేను రెడీమేడ్ చొక్కాలే వేసుకుంటానమ్మా" అన్నాడు పాపం. "అయితే మీరు నాకు తెలియదు" అని పెట్టేసింది. ఆయన నడిచి వస్తే ముందు టేపు పెట్టి కొలిచి, పుస్తకంలో రాసుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టింది.

ఓటీపీ చెప్పమని అడిగిన మోసగాణ్ణి మాత్రం నడుము, ఛాతీ, చెయ్యి పొడవు అన్నీ అడిగింది. వాడే విసిగి పెట్టేశాడు.

ఒక మధ్యాహ్నం మేడ మీది సంగీతం టీచరమ్మ ముఖం పాలిపోయి షాపులోకి వచ్చింది. పార్సెల్ అడ్రసు సరిచేయాలంటూ వచ్చిన లింకు నొక్కి, కార్డు వివరాలన్నీ ఇచ్చేసిందట. ఖాతాలోంచి అప్పుడే కొంత పోయింది.

ఇక పెద్దమ్మ దులిపేస్తుందని కాజాలు కుట్టే అమ్మాయి భయపడింది. పెద్దమ్మ మిషను ఆపి, "ఎంతసేపైంది?" అంది.

"పది నిమిషాలు."

"మించిపోలేదు. కార్డివ్వండి."

కార్డు వెనకున్న నంబరుకే ఫోన్ చేయించి కార్డు ఆపించింది. అప్పటికే వాళ్లు రెండోసారి లాగబోతున్నారట. అది ఆగింది. పోయినదానికి ఫిర్యాదు కూడా రాయించింది.

జాకెట్ల కోసం వచ్చి ఇదంతా వింటున్న ఒకావిడ కిసుక్కున నవ్వింది. "ఇంత చదువుకున్నవాళ్లు కూడా ఎలా పడతారో!"

టీచరమ్మ తల దించుకుంది.

"నేనూ పడ్డాను. రెండుసార్లు" అంది పెద్దమ్మ.

షాపంతా నోరు తెరిచింది.

"మీరా!" అంది నవ్వినావిడ.

"నేనే. లాటరీలో కుట్టుమిషను తగిలిందంటే డబ్బు పంపేశాను. ఇంట్లో మూడున్నా ఆశ చావలేదు. చదువుకి, దీనికి ఏం సంబంధమమ్మా? వాళ్లకిదే పని. వంద తలుపులు తడతారు, మనం ఏదో కంగారులో ఒకటి తీస్తాం."

టీచరమ్మ మెల్లగా తలెత్తింది. నవ్వినావిడ కాసేపు జాకెట్ గుడ్డ మడతపెట్టి, విప్పి, గొంతు తగ్గించింది. "నాకూ... కరెంటు కట్ చేస్తామని ఒకడు..."

అందరూ వెళ్లాక అమ్మాయి సూదిలో దారం ఎక్కిస్తూ అడిగింది. "నిజంగా పడ్డావా పెద్దమ్మా?"

"నేనా? నా బొంద!"

"మరి అంత అబద్ధం ఎందుకాడావ్?"

పెద్దమ్మ మిషను మీద కాలు ఆనించింది.

"అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతికిందా, లేదా?"