చేటగాలీ చంద్రుడి రాకెట్టూ

నా చిన్నప్పుడు, సరిగ్గా నాకు పదకొండేళ్ళప్పుడు, నెల్లూరులో మా తాతయ్యకు పెట్రోమాక్స్ లైట్లు అద్దెకిచ్చే అంగడి ఉండేది. నేను చెప్పబోయేది 1969 జూలై 16, బుధవారం. ఆ సాయంత్రమే ముగ్గురు మనుషుల్ని మోసుకుని శాటర్న్ ఫైవ్ రాకెట్ చంద్రుడి వైపు లేచింది. నెల్లూరు గడియారంలో ఏడు గంటల రెండు నిమిషాలు. నేనిప్పుడుంటున్న షార్జా గడియారంలో లెక్కేస్తే అయిదూ ముప్ఫై రెండు.

తాతయ్యకు ఒక పద్ధతి ఉండేది. బాగుచేసిన లైటును వెలిగించి, నెత్తిన పెట్టుకుని అంగడి ముందు అటూ ఇటూ నడిచేవాడు. తర్వాత కింద పెట్టి చేటతో గట్టిగా విసిరేవాడు. మంట ఒకసారి తడబడి తనంతట తానే కుదుటపడితే ఆ లైటు గడప దాటేది. ఆరిపోయినా, గుప్పుగుప్పుమని కొట్టుకున్నా మళ్ళీ విప్పాల్సిందే. వెలిగే దీపాన్ని పనిగట్టుకుని ఆర్పడమేమిటని వీధిలో నవ్వేవారు.

ఆ పని నేర్చుకోవాలని నాకు పట్టుదల. ఆడపిల్లకు కిరసనాయిలు కంపేమిటని ఇంట్లో అందరూ అడ్డం. చివరికి తాతయ్య ఒక మాటన్నాడు. ఒక్క లైటు మొత్తం నేనే విప్పి, బిగించి, చేటగాలికి నిలబెడితే అంగడి బల్ల దగ్గర నాకు చోటు. లేకపోతే ఆ ఊసే ఎత్తకూడదు.

ఆ రోజు ఒక నిఖా ఊరేగింపుకు నాలుగు లైట్లు కావాలి. మూడు తాతయ్య చేశాడు, నాలుగోది నేను. పెళ్ళికొడుకు మేనమామ కూలివాళ్ళను వెంటబెట్టుకుని లైట్లు తీసుకుపోవడానికొచ్చి, నాలుగోది ఎవరు చేశారో తెలిసి ముఖం చిట్లించాడు. ఆడపిల్ల చెయ్యి పడ్డ లైటు మాకొద్దన్నాడు.

"ఎవురు చేసిందో లైటుకు తెలీదు భాయ్," అన్నాడు తాతయ్య. "గాలికి నిలిచిందా లేదా, అంతే."

నా లైటును నెత్తిన పెట్టుకుని నడిచాడు. నిలిచింది. కింద పెట్టి చేట తీశాడు. అంతమంది ముందు నన్ను చిన్నబుచ్చడు, కాస్త మెల్లగా విసురుతాడనే అనుకున్నాను. ఎప్పటి బలంతోనే విసిరాడు. మంట నాలుగుసార్లు గుప్పుమని ఆరిపోయింది.

మేనమామ నవ్వాడు. పొద్దుగూకుతోంది, నువ్వే ఆ లైటు చూసివ్వమని తాతయ్యను తొందరపెట్టాడు. తాతయ్య లైటు తెచ్చి నా ముందే పెట్టాడు.

"నేను చేస్తే ఇప్పుడే వెలుగుద్ది. ఎందుకారిందో ఈ పాపకే తెలియాల. తొందరైతే మూడూ తీసకపో భాయ్."

ఆయన పోలేదు. నేను ఓడిపోవడం చూడాలని కాబోలు, బెంచీ మీద కూర్చున్నాడు. లైటు చల్లారేదాకా ఆగి, విప్పాను. నూనె చిమ్మే సన్నటి మూతిని ఇందాక ఒక చుట్టు తక్కువ బిగించినట్టు కనబడింది. తప్పు నాదే. బిగించి, పంపు కొట్టి, వెలిగించాను. తాతయ్య విసిరాడు. మంట వంగి, లేచి, నిలిచింది.

అంతటితో సరిపోయేది. నాకు సరిపోలేదు. తాతయ్య చేతిలోని చేట తీసుకుని మేనమామకిచ్చాను. "మామూ, ఈసారి మీరు విసరండి. బలంకొద్దీ."

ఆయన నిజంగానే బలంకొద్దీ విసిరాడు. మంట వంగింది. లేచింది. ఆయన నాలుగు లైట్లూ కూలివాళ్ళ నెత్తిన పెట్టించి వెళ్ళిపోయాడు. తాతయ్య మెచ్చుకోలేదు. బల్ల మీద తన సామాను కొంచెం పక్కకు జరిపి, ఒక మనిషి కూర్చునేంత చోటు చేశాడు.

ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ రాకెట్ గురించి చదివాను. ఎత్తు మూడువందల అరవై మూడు అడుగులు. కింది అంతస్తులో అయిదు ఇంజన్లు. అవి కాల్చిందీ శుద్ధిచేసిన కిరసనాయిలే, ద్రవ ఆక్సిజన్‌తో కలిపి. మొదట్లో వాటి మంట కూడా నా లైటులాగే కొట్టుకునేది, ఇంజన్లే బద్దలయ్యేవి. అప్పుడు వాళ్ళేం చేశారు? మండుతున్న ఇంజన్లోనే చిన్న బాంబు పేల్చి, మంట తనంతట తాను కుదుటపడుతుందా అని చూశారు. పడకపోతే మార్చారు, మళ్ళీ పేల్చారు. ఇంధనం చిమ్మే పళ్ళేనికి అడ్డుగోడలు కట్టి చివరికి నిలబెట్టారు. అలాంటి రాకెట్లు మొత్తం పదమూడు లేచాయి. పదమూడైదులు అరవై అయిదు. అరవై అయిదు ఇంజన్లలో పైకెళ్ళేటప్పుడు మొరాయించింది ఒక్కటీ లేదు. ఆ బాంబు మా తాతయ్య చేటే, కొంచెం పెద్దది.

2022లో చంద్రుడి కోసం కట్టిన కొత్త రాకెట్‌ను లేపబోయారు. ఆగస్టు 29న ఆపేశారు, సెప్టెంబర్ 3న హైడ్రోజన్ కారుతోందని మళ్ళీ ఆపేశారు. మర్నాడు ఆదివారం, షార్జా అల్ నహ్దాలోని మా ఇంటికి, మా అల్లుడితో పైపుల ఫ్యాక్టరీలో పనిచేసే స్నేహితుడు భోజనానికొచ్చాడు. "ఖలాస్ ఖాలా, వాళ్ళ పనైపోయింది," అన్నాడు బిర్యానీ కలుపుకుంటూ. "ఇప్పుడే పోలేనోళ్ళు యాభై ఏళ్ళ కింద పోయినారా? అంతా సినిమా." రాకెట్ బొమ్మ గీసి గోడకు అంటించుకున్న నా మనవరాలు కంచంలోకి తల దించేసింది.

నేను ఊరుకోలేదు. "కారేదాన్ని నేల మీదనే కనిపెట్టి ఆపినోళ్ళు చేతగానోళ్ళా అబ్బయ్యా? మీ ఫ్యాక్టరీలో కారే పైపును అట్టే పంపిస్తారా?" అన్నాను. అరవై అయిదు లెక్క కూడా చెప్పాను. అతను నవ్వేశాడు. మనవరాలు మాత్రం తలెత్తింది.

ఆ రాకెట్ నవంబర్ 16న లేచింది. మళ్ళీ బుధవారమే. షార్జా గడియారంలో ఉదయం పది గంటల నలభై ఏడు నిమిషాలు. క్యాలెండర్ మీద రాసుకుని, అతనికి ఒకే మాట వాయిస్ మెసేజ్ పెట్టాను: "లేచింది."

ఇప్పటికీ మనవరాలు లెక్క చేసి తెస్తే ముందు ఆ లెక్కను పడగొట్టాలనే చూస్తాను. పడిపోతే పుస్తకం తన చేతికే తిరిగిస్తాను. వాళ్ళ నాన్న పెన్సిల్ అందుకోబోతే మాత్రం, ఆ చేతిని పక్కకు నెట్టేస్తాను.