నిండు తొమ్మిది

నా చిన్నప్పుడు నాకు లెక్కల పిచ్చి ఉండేది. మెట్లెక్కితే మెట్లు, స్కూల్ బస్సెక్కితే తలలు, ప్లేట్లో పడితే ఇడ్లీలు, ఏది కనబడితే అది లెక్కపెట్టేదాన్ని. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు, అమ్మ ఆస్పత్రిలో నర్సు. స్కూలయ్యాక నన్నూ, నాకంటే నాలుగేళ్ళు చిన్నదైన మా చెల్లినీ పక్కింటి కెన్యా ఆంటీ చూసుకునేది. మాతో కలిపి వీధిలోని పిల్లలం పదిమందిమి ఆవిడ దగ్గరుండేవాళ్ళం. చూశారా, పది అని ఎంత తేలిగ్గా అనేశానో! ఆవిడ వింటే ఊరుకునేది కాదు.

మొదటిసారి ఆవిడ ముందు వేలు చూపిస్తూ వన్, టూ, త్రీ అని పిల్లల్ని లెక్కపెట్టినప్పుడు, పరుగున వచ్చి నా వేలు తన గుప్పిట్లో మూసేసింది. అంత పెద్ద మనిషి భయపడటం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పింది. వాళ్ళు కెన్యాలో కికుయు అనే తెగవాళ్ళట. వాళ్ళందరికీ మూలమైన తల్లికి పదిమంది కూతుళ్ళట. కానీ ఎవరూ పది అనరట, ‘నిండు తొమ్మిది’ అంటారట. మనుషుల్నిగానీ మేకల్నిగానీ సరిగ్గా ఇన్ని అని లెక్కపెడితే, వినకూడనిదేదో విని ఒకదాన్ని పట్టుకుపోతుందట. ఏమిటది అని అడిగాను. నన్ను ఒళ్ళోంచి దించి, కిటికీ తెర లాగేసింది.

ఇంటికెళ్ళి అమ్మతో చెబితే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మా అమ్మమ్మ బియ్యం కొలిచేటప్పుడు ఆరు తర్వాత ఏడు అనేది కాదట, ఆరున్నొకటి అని ఎనిమిదికి వెళ్ళిపోయేదట. ఆంటీ చెప్పినట్టు విను అంది. నేను వింటేగా! నోరు మూసుకుని కళ్ళతో లెక్కపెట్టడం నేర్చుకున్నానంతే.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం ఆంటీ మమ్మల్ని వీధికి అవతలున్న చెరువు దగ్గరికి ఆడుకోవడానికి తీసుకెళ్ళింది. చెరువు ఇంకా గడ్డకట్టే ఉంది కానీ ఆ వారమంతా కాస్త ఎండ కాసింది. మంచు మీద అడుగు పెట్టొద్దని ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని చెప్పింది. ఎవరూ తొక్కకుండానే మంచు మధ్యమధ్య కడుపులో గుడగుడలాడినట్టు శబ్దం చేసేది. కాసేపటికి జోరుగా మంచు కురవడం మొదలైంది. తను ముందు వెళ్ళి తలుపు తీసి పాలు వెచ్చబెడతానంది. అందర్లో పెద్దదాన్ని నేనే కాబట్టి పిల్లల్ని తీసుకురమ్మంది. వెళ్ళేముందు ఒకటే మాట చెప్పింది, ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచి తీసుకురమ్మని.

చలికి నా పళ్ళు టకటకలాడుతున్నాయి. పదిమందిని పేరుపేరునా ఎవరు పిలుస్తారు? అందరూ టోపీలు కళ్ళదాకా దించి, మఫ్లర్లు ముక్కుదాకా చుట్టుకుని ఉన్నారు. వేలు చాపి నాతో కలిపి లెక్కపెట్టాను. సరిగ్గా పది. మళ్ళీ పెట్టాను, పదే. నా అంత తెలివైనది లేదనుకుంటూ వరస కట్టించి రోడ్డు దాటించాను.

ఆంటీ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పేరు పిలుస్తుంది, పలికినవాళ్ళు లోపలికి వెళ్ళాలి. తొమ్మిది పేర్లయ్యాయి. మా చెల్లి పేరు పిలిచింది. ఎవరూ పలకలేదు. గుమ్మం బయట నిలబడ్డ పిల్ల మఫ్లర్ కిందికి లాగి మా వైపు బిత్తరచూపులు చూసింది. పక్క వీధి అమ్మాయి. వేడి పాలంటే ఆశపడి చెరువు దగ్గరే మా గుంపులో కలిసిపోయింది.

ఆంటీ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరుగెత్తింది. వెనకాల నేను. కురుస్తున్న మంచులో చెరువు ఎక్కడ మొదలవుతోందో కూడా తెలియడం లేదు. ఆవిడ మా చెల్లిని పేరు పెట్టి పిలిచింది. మళ్ళీ పిలిచింది. మూడోసారి ఎక్కడో నీటి వైపునుంచి సన్నగా ‘ఆఁ’ అని వినబడింది. ఎగిరిపోయిన గ్లవ్ కోసం వెళ్ళిందట పిచ్చిది. ఒక కాలు మంచు పగిలి తుంటిదాకా నీళ్ళలో దిగిపోయింది.

ఆంటీ బోర్లా పడుకుని, ఒంటికి చుట్టుకున్న పూల గుడ్డ విప్పి ముందుకు విసిరింది. నన్ను కదలొద్దంది. పాక్కుంటూ వెళ్తూ పేరు పిలుస్తూనే ఉంది, అది పలుకుతూనే ఉంది. ఒక్కసారి పలకలేదు. దేవుడా, ఆ ఒక్కసారి! ఏదో నా లెక్క విని వచ్చేసిందనుకున్నాను. నా వేలు నేనే కొరుక్కున్నాను, రక్తం వచ్చేలా. తర్వాత మళ్ళీ ‘ఆఁ’ అంది, గుడ్డ కొస అందుకుంది.

బతికింది. వారం రోజులు జ్వరంతో మూలిగింది. అమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీసి, వెళ్ళి ఆంటీ కాళ్ళు పట్టుకుంది. ఆంటీ నన్ను ఒక్క మాటా తిట్టలేదు. కట్టు కట్టిన నా వేలు చేతిలోకి తీసుకుని, “నీ లెక్క తప్పలేదు, పిల్లే లేదు,” అంది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. థాంక్స్‌గివింగ్‌కి ఇల్లంతా పిల్లలే. ఎంతమందో ఇప్పటికీ లెక్కపెట్టలేదు. ప్లేట్లు ఎన్ని పెట్టాలని కోడలు అడిగితే నిండు తొమ్మిది అంటాను, అదేమో తల పట్టుకుంటుంది. భోజనాలకి ముందు పేరుపేరునా పిలుస్తాను. “అమ్మమ్మ అటెండెన్స్ స్టార్ట్ చేసింది!” అని మనవరాలు వెక్కిరిస్తుంది. వెక్కిరించనీ.

ఆఖరున మా చెల్లి పేరు. అదీ ముసలిదైపోయింది, ఈ మధ్య చెవులు సరిగ్గా వినపడవు. వంటింట్లో కుళాయి తిప్పి ఉంటే అసలే వినపడదు. మళ్ళీ పిలుస్తాను. అందరూ స్పూన్లు పట్టుకుని నా వంకే చూస్తుంటారు. చూస్తే చూడనీ. “ఉన్నానక్కా” అని అది లోపలినుంచి అనేదాకా నేను కూర్చోను.