బూరె కోసం విప్పిన అంగీ

మా చిన్నప్పుడు... ఎండాకాలం తునికాకు కోతకు నాయన వెంట అడవికి పోయేవాణ్ణి. దమ్మపేట అవతల మా ఊరి చివర మొదలై, వాగు దాటి, గుట్ట చుట్టూ తిరిగి మళ్లీ ఊళ్లోకే వచ్చే కాలిబాట ఒకటుండేది. చుట్టుబాట అనేవాళ్లం. మా కుక్క నల్లోడు ముందు... మేము వెనక.

ఒకనాడు నల్లోడు కుందేలు వెంటపడి పోయాడు, మళ్లీ రాలేదు. నాది ఒకటే ఏడుపు. నాయన తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, వాగు దగ్గర రెండు బాటలు కలిసే చోట పరిచి, ఎగిరిపోకుండా రాయి పెట్టాడు.

"మన పిలుపు ఎంత దూరం వినపడతది బిడ్డా... చెమట వాసనైతే అదే ఎతుక్కుంట వస్తది. పా ఇంటికి."

తెల్లారి పోయి చూస్తే నల్లోడు ఆ తువ్వాలు మీదే ముడుచుకుని పడుకున్నాడు.

ఆ మాట నేను మర్చిపోలేదు... కానీ సగమే గుర్తుపెట్టుకున్నాను.

నలభై ఏళ్లు గడిచాయి. రెండు వేల సంవత్సరం దాటిన రోజులవి. నాకు షుగర్ వచ్చిందని, రోజూ నడవమని దవాఖానాలో డాక్టరు చెప్పాడు. అందరూ చూస్తుండగా రోడ్డు మీద చేతులూపుతూ నడవడం నాకు సిగ్గు. అందుకే మళ్లీ ఆ చుట్టుబాటే పట్టాను. ఒక్కణ్ణే పోతానంటే మా ఇంటామె కరుణమ్మ ఒప్పుకోలేదు. తనూ వచ్చేది. తను పెంచుకున్న కుక్కపిల్ల కూడా. బూరె రంగులో ఉందని దాన్ని బూరె అనే పిలిచేది. పిల్లలు చదువులకు హాస్టళ్లకు పోయాక ఇంట్లో దాంతోనే తనకు మాటలు... నాతో మాటలెక్కడివి!

చలికాలం, ఒక ఆదివారం. చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, ఎండ తగ్గాక బయల్దేరాం. వాగు దగ్గర పొదలో ఏదో అలికిడైంది. బూరె ఒక్క దూకు దూకి లోపలికి పోయింది. ఎంత పిలిచినా రాలేదు. పొద్దు గుంకుతోంది. కరుణమ్మ ముఖం చూడలేకపోయాను.

"ఫికర్ చెయ్యకు, మా నాయన ఉపాయం ఉంది" అన్నాను. చర్చికి వేసుకుపోయిన తెల్ల తువ్వాలు ఇంకా భుజం మీదే ఉంది. బాటలు కలిసే చోట పరిచి, రాయి పెట్టి వచ్చాను. రాత్రి తను అన్నం ముట్టలేదు.

పొద్దున్నే పోయాం. తువ్వాలు మంచుకు తడిసి అట్లాగే ఉంది... బూరె లేదు. పిలుచుకుంటూ బాటంతా ఒక చుట్టు తిరిగి, చెమటలు కక్కుతూ మళ్లీ అక్కడికే వచ్చాం. కరుణమ్మ తువ్వాలు తీసి వాసన చూసింది.

"సబ్బు వాసన తప్ప ఏముంది గిండ్ల? కుక్క కోసం పరిచినవా, పాస్టరుగారు కూసుంటరని పరిచినవా?"

తువ్వాలు పక్కన పడేసి నా వైపు తిరిగింది.

"అంగీ ఇప్పు."

"ఇక్కడనా?"

"మరి చర్చిలనా? జల్దీ ఇప్పు."

ఇంటి ముందు కూడా అంగీ లేకుండా నిలబడని మనిషిని నేను. అటూ ఇటూ చూసి విప్పాను. తడిసి ముద్దయిన ఆ అంగీని తనే పరిచి రాయి పెట్టింది. తర్వాత తన పూల శాలువా తీసి నా భుజాల మీద కప్పింది.

ఊళ్లోకి వస్తుంటే ఇడ్లీ బండి దగ్గర ఒకతను పట్టుకున్నాడు. "ఏందన్నా, వదిన శాలువా కప్పుకున్నవ్? అంగీ ఏమైంది?"

నేను తల దించుకున్నాను. "కుక్కకిచ్చిండు. నీది గూడ ఇయ్యరాదు?" అంది కరుణమ్మ. బండి దగ్గర అందరూ ఒకటే నవ్వు... నవ్వనిది తనొక్కతే.

సాయంత్రం మళ్లీ పోయాం. దూరం నుంచే కనిపించింది... అంగీ మీద, దాని చేతిలోకి మూతి దూర్చుకుని బూరె. కాల్లో ముల్లు. కరుణమ్మ అక్కడే నేల మీద కూలబడి దాన్ని ఒళ్లోకి లాక్కుంది.

"యాడ సచ్చినవే... యాడ సచ్చినవే ఇంతసేపు..."

తిడుతూనే ఏడ్చింది. నేను ముల్లు తీశాను. ఆ పూట ఇంటికొచ్చి ముగ్గురం కడుపునిండా తిన్నాం.

బూరె ఇంకో తొమ్మిదేళ్లు బతికింది. చుట్టుబాట ఇప్పుడు లేదు, సగం పామాయిల్ తోటల్లో కలిసిపోయింది. కరుణమ్మ పోయి రెండేళ్లవుతోంది.

ఆ పూల శాలువా చివరిదాకా తనే కప్పుకుంది. మొన్న మా కోడలు పెట్టె సర్దుతూ, "మామయ్యా, ఇది ఉతికి పెట్టనా?" అని అడిగింది. వద్దన్నాను. ఎందుకో చెప్పలేకపోయాను... ఇక్కడ రాస్తున్నాను.

మీ ఇళ్లల్లో కూడా అట్లా ఉతకకుండా దాచుకున్న బట్ట ఏదైనా ఉందా... ఎవరిదో చెప్పండి.